పాత కారుకు ఏ గ్యాస్

నా భార్య పోయాక ఆమె కారు ఛత్రినాకలో మా ఇంటి ముందు కవరు కింద ఉండిపోయింది. అమ్మాలనిపించలేదు, నడిపే అవసరమూ రాలేదు. అవసరం అత్తమ్మకు వచ్చింది. కూతురు పోయినా ఆమె నా దగ్గరే ఉంటోంది. ఆమె చెల్లెలు ఉండేది హుస్సేనీ ఆలంలో. శుక్రవారం వస్తే కూతురు ఈ కారులో తీసుకెళ్లేది. ఆటోలో ఎండకూ దుమ్ముకూ అత్తమ్మకు ఆయాసం వస్తుంది. అందుకని వెళ్లడమే మానేసింది. చెల్లెలి మాట ఎత్తడమూ తగ్గించింది.

ఇంజను బాగానే ఉంది గానీ ఏసీ వేస్తే వేడి గాలి వచ్చింది. ఎండ ముదరకముందే ఫలక్‌నుమాలో ఏసీలు బాగుచేసే భాయ్ దగ్గరికి బయలుదేరాను. అత్తమ్మ కూడా ఎక్కింది.

"ఇది పాత గ్యాస్ బండి సార్. ఆ గ్యాస్ తయారుచేసుడు ఎప్పుడో బంద్ అయింది. ఎవడన్న ఉందంటే నమ్మకుండ్రి, సిలిండర్ల ఏముందో ఖుదాకే ఎరుక" అన్నాడు భాయ్.

మిగిలినవి రెండు. ఒకటి, తర్వాతి కార్లలో వచ్చిన 134 అనే గ్యాస్. దానికి లోపలి పాత నూనె పడదు, కడిగి మార్చాలి. పైగా బండి ఆగినప్పుడు చల్లదనం తగ్గుతుంది. రెండోది వంటగ్యాస్ జాతిది. పాత నూనెతోనే నడుస్తుంది, పూటలో పని అయిపోతుంది. కాకపోతే మండుతుంది.

"లీక్ కాకుంటే ఫికర్ లేదు. ఐస్ లెక్క కొడ్తది" అన్నాడు. నేను దానికే మొగ్గాను. అత్తమ్మకు కావలసింది చల్లదనమే కదా.

ఇంతలో భాయ్ కారు వైపు చూసి పరుగెత్తాడు. అద్దాలు మూసిన కారులో అత్తమ్మ, డాష్‌బోర్డు మీది అమ్మవారి బొమ్మ ముందు ఊదుబత్తి వెలిగించి కూర్చుంది. తిరుగు ప్రయాణానికి.

"అమ్మా, బండిల అగ్గి పెడ్తవా?"

"అగ్గేంది బిడ్డా, ఊదుబత్తి. దర్గాల మీరు పెట్టరా?"

"పెడ్తం. దర్గాకు ఏసీ ఉండదు గదమ్మా!"

"మరి దండం పెట్టకుంట బండి ఎట్ల కదులుతది?"

భాయ్ నవ్వుతూ నా దగ్గరికి వచ్చాడు. "ఆ గ్యాస్ వద్దే వద్దు సార్. చల్లచేసే కాయిల్ డాష్‌బోర్డు ఎనకనే ఉంటది. లీకైతే సీదా అమ్మ అగ్గిపుల్ల దగ్గరికే వస్తది."

ఊదుబత్తి మానెయ్యమని అత్తమ్మతో చెప్పవచ్చు. ఈ ఏడాదిలో ఆమె మానేసినవి చాలానే ఉన్నాయి. 134 వేయమన్నాను.

కొన్నాళ్లు పట్టింది. పాత నూనె కడిగి, రబ్బరు రింగులు, తేమ పీల్చే డబ్బా మార్చి, కొత్త నూనెతో గ్యాస్ నింపాడు.

శుక్రవారం హుస్సేనీ ఆలం వెళ్లాం. ఆ గల్లీలో కరెంటు లేదు. మేం దిగకముందే చెల్లెలు బయటికి వచ్చి, "లోపల ఉడికిపోతున్నం అక్కా, నువ్వు దిగకు" అంటూ వెనక సీట్లో ఎక్కి తలుపేసుకుంది. ఇంజను అలాగే ఉంచి నేను దిగి ఎదురింటి నీడలో నిలబడ్డాను. లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరు వింటున్నారో తెలియలేదు.

కాసేపటికి అద్దం దిగింది.

"అల్లుడా, ఆగితే సల్లగైతలేదు. జర ముందలికి పోనియ్యి" అంది చెల్లెలు.

"ఎక్కడికి?"

"యాడికైతేంది? మా మాట ఇంకా ఒడవలే" అంది అత్తమ్మ.

ఎక్కి గేరు వేశాను.