ఆదివారం డ్యూటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాచారంలోని మసాలా పొడుల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో, అరిస్తేనే పని జరుగుతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఉప్పల్ నుంచి బండి మీద వెళ్తూనే ఆ రోజు ఎవరిని తిట్టాలో ఆలోచించుకునేవాణ్ణి.

మా లైన్‌లో ఒక అక్క ఉండేది. ప్యాకెట్లకు సీలు వేసే మిషన్ చప్పుడు వింటూ వింటూ, “సార్, సీలు వదులైతుంది, జర ఆపుండ్రి,” అనేది. మెకానిక్ వచ్చి చూస్తే నిజమే అయ్యేది. ఆదివారం పొద్దున ఆమెకు చర్చి తప్పనిసరి. ఆ పూట ఆమె డ్యూటీ జనగామ నుంచి వచ్చిన ఒక కుర్రాడు చేసేవాడు. అతను తల్లిని దవాఖానాకు తీసుకెళ్లే రోజుల్లో ఆమె అతని డ్యూటీ చేసేది. బోనాల ఆదివారమైతే, అతను పండగ చేసుకోవాలని చర్చి మానుకుని మరీ వచ్చేది. ఇలాంటి మార్పిళ్లు మావాళ్లంతా తమలో తామే మాట్లాడుకుని, చివర్లో నా చెవిన వేసేవారు.

కిందటేడు, డ్యూటీలన్నీ ఇక ఫోన్‌లో యాప్ వేస్తుందన్నారు. మార్పిళ్లు బంద్. అందరికంటే ముందు సంబరపడింది నేనే. నాకు తలనొప్పి తగ్గింది కదా! లైన్‌లో ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం సీలు పడని ప్యాకెట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. కారం ఘాటుకు అందరం దగ్గుతున్నాం. అక్క మిషన్ పక్కనే నిలబడి ఉంది.

“కళ్లు ఎక్కడ పెట్టుకున్నావక్కా? చప్పుడు వినబడలేదా?” అని అరిచాను.

“ఇనబడ్డది సార్. మీకు సెప్పాలని నా డ్యూటీల రాసి లేదు గదా.”

మర్నాడు రాజీనామా కాగితం చేతికిచ్చింది. పీర్జాదిగూడలో ఇంటి దగ్గరే సూపర్‌మార్కెట్‌లో చేరుతుందట. ఆమె పోతే లైన్ ఏమవుతుందోనన్న భయం ఒకటి, నా వల్లే పోతోందన్న బాధ ఇంకొకటి.

మేనేజర్‌తో వాదించి, ఆమెకు ప్రతి ఆదివారం సెలవు ఇస్తున్నట్టు రాయించి, సంతకం పెట్టించుకొచ్చాను. గొప్పగా ఆమె చేతిలో పెట్టాను. చదివి తిరిగిచ్చేసింది.

“నాకొక్కదానికేంది సార్? గా జనగామ తమ్ముడు అమ్మను దవాఖానాకు ఎట్ల తీస్కపోవాలె? మేం ఒకరికొకరం సర్దుకుంటుంటిమి. మిమ్ముల ఏమన్న అడిగినమా? గది తీసేసి, ఇప్పుడు నాకు దానం జేస్తున్రా?”

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మళ్లీ మేనేజర్ గదికి వెళ్లాను. ఈసారి అరవలేదు. “మా లైన్ వరకు డ్యూటీలు వాళ్లనే మార్చుకోనివ్వండి. తేడా వస్తే బాధ్యత నాది,” అన్నాను. ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఆ సంగతి చెప్పి, “మరి ఉంటావా అక్కా?” అని అడిగాను.

“గిప్పుడే సెప్పలేను సార్. ఈ నెల సూస్త.”

వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేశాను. కొత్తగా చేరినవాళ్లను మేమూ అలాగే కొన్నాళ్లు చూస్తాం మరి. ఆ నెలంతా నోరు అదుపులో పెట్టుకున్నాను. చచ్చేంత పనైంది.

ఒకటో తారీఖు పొద్దున, ఆమె వస్తుందో రాదోనని గేటు దగ్గరే నిలబడ్డాను. టిఫిన్ డబ్బా సంచి భుజాన వేసుకుని, తొందర తొందరగా నడుచుకుంటూ వచ్చింది.

“ఏంది సార్, గేటుకాడ నిలబడ్డరు? ఎవరన్న పెద్దోల్లు వస్తున్రా?”

“అవునక్కా,” అన్నాను.