గండికోటా? భైరవకోనా?

కాలు విరిగి మూడు నెలలు మంచం మీదున్న అక్క, లేవగానే ఏదైనా లోయలో రెండు రోజులు నడవాలని పట్టుబట్టింది. మిరపకోతలు అయిపోవడంతో నాకూ తీరిక దొరికింది. ఇంటర్నెట్ సెంటర్లో ఫొటోలు చూశాం. గండికోటలో లోయ అంచున నిలబడి కిందికి చూడాలి. భైరవకోనలో లోయలోపల రాళ్ళమీద నడవాలి. ఏది మేలో వారమైనా నాకు తేలలేదు.

ఒంగోలు బస్టాండుకు వచ్చాక కూడా అక్క, "నీ ఇష్టమేనే" అంది.

"నిజం చెప్పక్కా."

"అంచున నిలబడితే నాకు కళ్ళు తిరుగుతాయే. నువ్వేమో గండికోట ఫొటోలే చూస్తున్నావని ఊరుకున్నా."

"అక్కడైతే నీ కాలికి శ్రమ ఉండదని చూశాను!"

నవ్వుకుని, భైరవకోన దారిలో ఉన్న కనిగిరికి బస్సెక్కాం. మర్నాడు లోయలో అక్క నాకంటే ముందు నడిచింది. ఎక్కడ జారుతుందోనని ఆమె కాళ్ళే చూస్తూ వెనక నడిచాను.

తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి చూస్తూ, "గండికోట కూడా చూసుంటే బాగుండేది" అంది.

"కళ్ళు తిరుగుతాయన్నావుగా?"

అక్క నవ్వింది. నిజంగానే భయపడిందో, ఎటూ తేల్చుకోలేని నా కోసం బస్టాండులో అలా అందో నాకిప్పటికీ తెలియదు.