గీతకి ఇవతల

ఆడటం మానేసి మల్కాపురం ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయినా, గురువమ్మ తన పాత బూట్లు వదల్లేదు. రోజూ వాటి లేసులు బిగించి కట్టుకునే గ్రౌండుకొచ్చేది. గ్రౌండు అంచున సున్నంతో గీసిన గీత పక్కన నిలబడితే, బంతి ఎటు పోతే ఆమె కుడికాలు అటు కదిలేది. రెండువేల మూడులో జిల్లా ఫైనల్. చెరో గోలు, ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. గీత వెంబడి దొర్లుతున్న బంతి కోసం తన జట్టు పిల్ల ఫిజా దూసుకొస్తోంది, ముందు అడ్డెవరూ లేరు. బంతి ఇంకా గీత లోపలే ఉండగా గురువమ్మ కాలు చటుక్కున వెళ్లి దాన్ని ఆపేసింది. రిఫరీ విజిల్ ఊది ఆట నిలిపేశాడు.

“నాను అందుకుందును గదా మేడమ్!” అంది ఫిజా.

“తప్పు నాదేనే. ఎల్లు, ఆడు,” అంది గురువమ్మ. వంగి, బూట్లు విప్పి వెనక్కి విసిరేసి, కాలుతున్న ఎర్రమట్టిలో ఉత్తకాళ్లతో నిలబడింది.