దెబోరా నల్లబరిచిన లైట్లు

కాగజ్‌నగర్‌లో మున్సిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో దెబోరా లామినేషన్ చేస్తుంది. పదో తరగతి మెమోలు, కులం సర్టిఫికెట్లు, చనిపోయిన పెద్దల ఫోటోలు, ఏది చేతికిచ్చినా లోపల ఒక్క గాలిబుడగ కూడా లేకుండా ప్లాస్టిక్ వేసి ఇస్తుంది. పొరపాటున బుడగ వచ్చిందా, ఆ రోజంతా ముఖం ముడుచుకునే ఉంటుంది. అంత పట్టింపు గల మనిషి. అలాంటి మనిషి తన సొంత బతుకు దగ్గరికి వచ్చేసరికి ఎంత పెద్ద పొరపాటు పడిందో చెప్పాలంటే ముందు ఆమె మొగుడు జేమ్స్ సంగతి చెప్పుకోవాలి.

జేమ్స్ ఒకప్పుడు పేపర్ మిల్లులో కాంట్రాక్టు మనిషి. సైరన్ కూస్తే పోయేవాడు, సైరన్ కూస్తే వచ్చేవాడు. పెళ్లయిన మొదటి పదకొండేళ్లు దెబోరాకు ఎదురుచూడటమంటే ఏమిటో తెలియదు. పొయ్యి మీది నుంచి కూర దించేలోపు మనిషి గుమ్మంలో ఉండేవాడు. పిల్లలు పుట్టలేదన్న దిగులు ఉన్నా ఇద్దరూ ఒకరికొకరు ఉన్నారు కాబట్టి ఆ దిగులును ఇల్లు దాటి బయటకు పోనివ్వలేదు. 2014లో మిల్లు మూతపడింది. జేమ్స్ కొన్నాళ్లు ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఒక పాత తెల్లకారు కొని కరీంనగర్ టాక్సీ అడ్డాలో పెట్టాడు.

అక్కడి నుంచి ఆయన బతుకు వేములవాడ దారి పట్టింది. ఆదివారం మెథడిస్టు చర్చిలో పాటలకు డోలక్ వాయించే మనిషి, వారమంతా రాజన్న భక్తులను గుడి దగ్గర దించి తీసుకొస్తుంటాడు. కోడె మొక్కుకు గుడి చుట్టూ తిప్పిన కోడెను ఎక్కడ కట్టాలో, తలనీలాలకు వరుస ఎక్కడ తక్కువ ఉంటుందో అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. రాత్రిళ్లు అడ్డా దగ్గరి గదిలో మరో నలుగురు డ్రైవర్లతో కలిసి పడుకుంటాడు. శనివారం సాయంత్రం ఇంటికొస్తే సోమవారం తెల్లవారకముందే మళ్లీ బయలుదేరాలి. దెబోరాకు వారంలో మిగిలేది ఒకటిన్నర రోజు. అందులో సగం చర్చి తీసుకుంటుంది, ఇంకో సగం నిద్ర తీసుకుంటుంది. దేవుడి మీద ఆమెకు ఫిర్యాదు లేదు గానీ నిద్ర మీద మాత్రం చాలా ఉంది.

సోమవారం తెల్లవారుజామున ఇద్దరూ కారు బానెట్ మీద చేతులు పెట్టి ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థన చేస్తారు. జేమ్స్ టిఫిన్ డబ్బా తీసుకుని బండి తీస్తాడు. దెబోరా వెంటనే లోపలికి వచ్చి తలుపుకు గొళ్లెం పెడుతుంది, ఎందుకంటే ఆ గల్లీ మేకలకు సిగ్గూ శరమూ లేవు, తలుపు తెరిచి ఉంటే నేరుగా వంటింట్లోకే వస్తాయి. గొళ్లెం పెట్టి, పెరటి మెట్ల మీదుగా పరుగున డాబా ఎక్కుతుంది. అక్కడి నుంచి రోడ్డు అర కిలోమీటరు దాకా తిన్నగా కనిపిస్తుంది. ఆ చివర కొత్త బడి దగ్గర మలుపు. ఆ మలుపులో జేమ్స్ కారు వెనక లైట్లు రెండుసార్లు భగ్గుమని ఎర్రబడతాయి. ఆ తర్వాత కారు ఉండదు.

ఆ రెండు ఎర్రదనాలే ఆమెకు వారానికి సరిపడా బువ్వ.

అవి మొదటి నుంచీ లేవు. ఆరేళ్ల కిందట, మిల్లు మళ్లీ తెరుస్తారని ఊరంతా అనుకుంటున్న జూన్ నెలలో మొగుడూ పెళ్లాలు గట్టిగా కొట్లాడుకున్నారు. పోయి మిల్లులో పని అడగమని ఈమె, చేతికి స్టీరింగ్ అలవాటైందని ఆయన. మాట మీద మాట పెరిగింది. ఆదివారం రాత్రి ఇద్దరూ తిండి మానేశారు. సోమవారం ప్రార్థన కూడా నోట్లో గొణుక్కున్నట్టే జరిగింది. జేమ్స్ ముఖం చూపకుండా పోయాడు. దెబోరా ఏడుస్తూ డాబా ఎక్కితే, మలుపులో ఆ లైట్లు మొదటిసారి రెండుమార్లు వెలిగాయి. తప్పయింది, పోయొస్తా అన్నట్టు వెలిగాయి. ఆమె అక్కడే అన్నీ మరిచిపోయింది. మరుసటి సోమవారం మళ్లీ వెలిగాయి. ఆ తర్వాత ఒక్క సోమవారం కూడా తప్పలేదు.

ఈ సంగతి ఆమె జేమ్స్‌తో ఎన్నడూ అనలేదు. నోటితో అంటే సిగ్గుపడి మానేస్తాడని భయం. మగవాళ్ల ప్రేమ అట్లా ఉంటుంది మరి, దాన్ని చూశామని చెబితే వెంటనే దాచేసుకుంటారు.

మొన్నటి దసరా తర్వాత ఒక శనివారం జేమ్స్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. కారు వెనక లైట్లు ఎండకు వెలిసిపోయి పాలిపోయిన గులాబీ రంగుకు వచ్చాయి. అడ్డాలో ఇబ్రాహీం అనే డ్రైవరు తన బండి లైట్లకు నల్ల ఫిల్మ్ వేయించాడట. జేమ్స్ బండిని చూసి, దాని కంట్లో పొర వచ్చింది, ఆపరేషన్ చేయించమని అందరి ముందూ నవ్వాడట.

"వాని బండి ఎన్క లైట్లు సూడాలె దెబోరా, నల్లగ నిగనిగ మెరుస్తున్నయ్. వాని పక్కకు నా బండి వెట్టాల్నంటే సిగ్గయితంది," అన్నాడు.

"గింత దానికే పరేషానా? ఫిల్మ్ పట్కరా, నేనేస్త. లామినేషన్ లెక్కనే గదా," అంది దెబోరా.

ఆయనను వారానికోసారి తీసుకుపోయే బండి అది. దాని మీద కోపం తెచ్చుకోవాల్సింది పోయి, తన చేయి దాని మీద పడుతుందంటే ఆమెకు లోపల ఎక్కడో సంతోషం. వారమంతా ఎక్కడెక్కడో తిరిగే బండి మీద తన పని ఉంటుంది కదా.

మరుసటి ఆదివారం చర్చి నుంచి రాగానే ఇద్దరూ ఇంటి ముందు మొదలుపెట్టారు. పక్కింటి నవ్యశ్రీ బ్యూటీ పార్లర్ నడుపుతుంది, జుట్టు ఆరబెట్టే మిషన్ ఆమె దగ్గర అడిగి తెచ్చారు. జేమ్స్ ఫోన్లో ఎవరో హిందీలో చెబుతున్న వీడియో పెట్టి, చెప్పినదాన్ని చెప్పినట్టు అప్పజెప్పసాగాడు. దెబోరా వీడియో వైపు ఒక్కసారి చూసి ఇక చూడలేదు. లైట్లను షాంపూతో కడిగింది. మెత్తటి గుడ్డతో తుడిచింది. సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, గడువు దాటిన ఏటీఎం కార్డుకు గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకు నీళ్లను నెట్టింది. వంపు తిరిగే మూల దగ్గర ఫిల్మ్ మొండికేసింది. వేడిగాలి పెట్టి, కొంచెం కొంచెం లాగి, పసిపిల్లకు గౌను తొడిగినంత ఓపికగా సర్దింది. బ్లేడుతో అంచులు కోసింది. ఒక్క బుడగ లేదు.

జేమ్స్ దూరంగా పోయి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు.

"చాయ్ రంగుల ఉంది. ఇంకొక పొర ఎయ్యరాదు?"

దెబోరా ఇంకొక పొర వేసింది. అప్పుడు లైట్లు నిజంగా నల్లగా నిగనిగలాడాయి. జేమ్స్ బండిలో కూర్చుని బ్రేకు తొక్కాడు.

"కనవడ్తుందా?"

"ఆఁ, మంచిగ కనవడ్తుంది," అంది దెబోరా. ఆమె బండి వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. నాలుగడుగుల నుంచి ఏది మాత్రం కనిపించదు?

జేమ్స్ మురిసిపోయాడు. పెళ్లయిన కొత్తలో చూసినట్టు ఆమెను చూసి, ఇబ్రాహీం ఇక నోరు మూసుకోవాల్సిందేనన్నాడు. ఆ రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి టార్చి వేసి ఆ లైట్లను చూసుకొచ్చాడు.

తెల్లారి దెబోరా ఎప్పటిలాగే డాబా ఎక్కింది. కారు కాలనీ దాటింది. రెండు మసక చుక్కలు కొంతదూరం కనిపించి రోడ్డు చీకట్లో కలిసిపోయాయి. మలుపు దగ్గర ఏమీ వెలగలేదు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. కారు ఎప్పుడు మలుపు తిరిగిందో కూడా తెలియలేదు. పాలబ్బాయి సైకిల్ గంట వినిపించాక గానీ కిందికి దిగలేదు.

రెండో సోమవారం కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని ఎక్కింది. ఏమీ లేదు. మూడో సోమవారం కూడా లేదు. తన చేతులతో తనే వేసిన రెండు పొరలు, వాటి కింద ఆ వెలుగు ఉందో లేదో తెలియదు. పొర వల్ల కనిపించడం లేదా, ఆయనే తొక్కడం మానేశాడా? ఈ అనుమానం ఒకసారి పట్టుకుంటే ఇక వదలలేదు. షాపులో ఎవరిదో మెమోకు ప్లాస్టిక్ వేస్తూ పరధ్యానంలో పడి, మొదటిసారి బుడగ వచ్చినా చూసుకోకుండా ఇచ్చేసింది.

రోజూ రాత్రి ఫోన్లో మాట్లాడుకుంటారు. తిన్నవా, తిన్న. వాన పడ్డదా, పడలే. అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే ఏమవుతుంది? తొక్కుతున్నానంటాడు, సంతోషం. ఆరేళ్లుగా ఎవరూ అడగకుండా వస్తున్నది, అడిగాక వస్తే అది వేరు. ఫిల్మ్ పీకేద్దామందామా అంటే, ఆ లైట్లను చూసుకుని మనిషి కాలర్ ఎగరేస్తున్నాడు. ఇట్లా నాలుగు వారాలు గడిచాయి. దెబోరాకు మొగుడు దగ్గర లేని బాధ అలవాటైనదే. కానీ పోతూ పోతూ వెనక్కి తలుచుకుంటాడన్న నమ్మకం కూడా పోయాక ఇంట్లో మంచం వెడల్పు పెరిగినట్టు అనిపించింది.

నవంబరు చివర కరీంనగర్‌లో ఆమె చెల్లెలి ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. సోమవారం జేమ్స్‌తోనే బయలుదేరింది. బట్టలు సర్దడం, తీయడం, మళ్లీ సర్దడంతో అరగంట ఆలస్యమైంది. తూర్పున తెల్లబడుతుండగా బండి కదిలింది. ముందు సీట్లో కూర్చున్న దెబోరా చూపు మొగుడి కుడికాలి మీదే ఉంది. పక్కన తనున్నప్పుడు బ్రేకు తొక్కాల్సిన పని లేదు. అయినా అలవాటుగా తొక్కితే చాలు, ఆరేళ్లూ నిజమైనట్టే.

"మంచిర్యాలల చాయ్ తాగుదామా, తాండూర్ల తాగుదామా?" అంటున్నాడు జేమ్స్.

మలుపు వచ్చింది. కాలు బ్రేకు మీద పడింది. దెబోరా గుండె ఒక్కసారి పైకి లేచింది. బండి కూడా లేచి దడేల్‌మని దిగింది. కాలు మళ్లీ పడింది. బండి మళ్లీ లేచి దిగింది.

"బండి ఆపు."

"ఏమైంది? ఏమన్న మర్షినవా?"

"ఆపు జర."

జేమ్స్ బడి గోడ పక్కన ఆపాడు. దెబోరా వెనక్కి తిరిగి రోడ్డు చూసింది. రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒకదాని వెనక ఒకటి. ఆటోల్లో, బస్సుల్లో ఎన్నిసార్లు వాటి మీదుగా పోయిందో, ఎన్నిసార్లు నడుం పట్టుకుని తిట్టుకుందో. ఒక్కసారీ తట్టలేదు.

"గివి ఎప్పుడేసిండ్రు?" అని అడిగింది.

"గీ బడి పెట్టినప్పుడే. ఆరేండ్లయితుంది. జూన్ల బడి తెరిసిండ్రు, అప్పుడే ఏసిండ్రు. ఎందుకు?"

దెబోరాకు ముందు నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. నవ్వుతుండగానే కళ్లు నిండిపోయాయి, ఆపుకోవడం తన వల్ల కాలేదు. జేమ్స్ బిత్తరపోయి నీళ్ల సీసా అందించాడు. ఆమె సీసా తీసుకోలేదు.

"పోయొస్త అని నాకు చెప్తున్నవనుకున్న," అంది. "ప్రతి సోమారం డాబా మీదికెక్కి సూస్త. గీడికొచ్చినంక లైట్లు రెండుసార్లు ఎలిగేటియి. నాకోసమే ఎలుగుతున్నయనుకున్న. ఆరేండ్ల సంది గదే అనుకుంట బతికిన. మల్ల గా ఫిల్మ్ నేనే ఏసి నేనే మాపుకున్న."

జేమ్స్ ఆమె వైపు తిరిగాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి.

"నువ్వు డాబా ఎక్కుతవా?" అన్నాడు.

"ఎక్కుత."

"నాకు తెల్వదు దెబోరా. నేను బండి తీస్తనో లేదో నువ్వు తలుపు గొళ్లెం పెడ్తవ్. గా సప్పుడు నాకు వినవడ్తది. ఎప్పుడు పోతనా అని సూస్తున్నవేమో అనుకునేటోన్ని. గందుకే ఎన్నడు ఎన్కకు మల్లి సూడలే. సూడబుద్ధి కాకపోయేది."

"మేకలస్తయని పెడ్తనయ్యా!"

ఆ మాటకు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్ని సోమవారాలు ఆయన ఆ గొళ్లెం చప్పుడు చెవిలో పెట్టుకుని కరీంనగర్ దాకా పోయాడు. ఇన్ని సోమవారాలు ఆమె స్పీడ్ బ్రేకర్లను కళ్లలో పెట్టుకుని మెట్లు దిగింది. ఎవరి మీద ఎవరు కోపం తెచ్చుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

జేమ్స్ తలుపు తీసుకుని దిగాడు. బండి వెనక్కి నడిచి, రోడ్డు మధ్యలో ఇంటి వైపు తిరిగి నిలబడ్డాడు. దెబోరా కూడా దిగి పక్కకు వచ్చింది.

"యాడ నిలవడ్తవ్? సూపెట్టు."

"గా నల్ల ట్యాంకు లేదా, దాని పక్కకు. గోడ మీద చెయ్యి పెట్టి నిలవడ్త."

తెల్లవారే వెలుగులో డాబా, ట్యాంకు, పిట్టగోడ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇంత దూరం నుంచి తన ఇల్లు కనిపిస్తుందని జేమ్స్‌కు ఇన్నాళ్లూ తెలియదు. వెనక ఎవరో బైక్ మీద వచ్చి హారన్ కొట్టి, పక్క నుంచి తప్పుకుని పోయాడు. దెబోరా ఆయన మోచేయి పట్టుకుని, పోదాం పద, చెల్లె ఎదురుచూస్తది అంది. జేమ్స్ కదల్లేదు. ఆయన మొదటిసారి వెనక్కి తిరిగి చూస్తున్నాడు, డాబా మీద ఎవరూ లేరు.