మా అన్న మోకాలు, టర్కీ హాఫ్

ఎముకను ఎముకతో కలిపి కీలు అమర్చి, ఆ కీలులో నడకను ఉంచి, నడక చెడినప్పుడు మనిషికి తెలిసేటట్టు అందులోనే నొప్పినీ ఉంచిన దేవునికి స్తోత్రం. మేము అడిగింది ఇచ్చిన రోజునా ఇవ్వని రోజునా ఆయనే దేవుడు. ముందుగా ఆయనను స్తుతించకుండా నేను ఈ సంగతి మొదలుపెట్టలేను. 

మాది చిత్తూరు. నాయన బస్సు డిపోలో మెకానిక్కు, ఆదివారమైతే గుడిలో సంఘపెద్ద. నేను ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. మా అన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. మిషన్ బడి మైదానంలో మొదలుపెట్టి, తిరుపతి కాలేజీకి ఆడి, తొంభైల చివరికి జిల్లా జట్టులో చేరాడు. ముందువరుసకూ వెనకవరుసకూ నడుమ ఆడే వాళ్ళను మా వైపు హాఫ్ అంటారు. అన్న హాఫ్. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకొని, తల ఎత్తి చూసి, ముందున్న వాడికి అందించడం అతని పని. గోలు కొట్టిన వాడిని అందరూ భుజాల మీద మోసేవాళ్ళు. అన్న అప్పటికే వెనక్కి తిరిగి తన చోటికి నడుస్తూ ఉండేవాడు.

"గోలు కొట్టనోడికి ఇంత చెమట ఎందుకురా?" అని అమ్మ అతని చొక్కా ఉతుకుతూ అడిగేది.

"గుడిలో ప్రేమవిందు బంతి పెడితే నువ్వు యాడుంటావు మా?"

"బక్కెట్టు పట్టుకోని తిరగతా ఉంటా."

"నేనూ అంతే. ఎవురి ఆకు ఖాళీగా ఉండాదో సూసి వడ్డించేది."

"వడ్డించినోళ్ళకు కడాన మిగిలేది రసమేరా నాయనా," అనేది అమ్మ.

టర్కీ వాళ్ళు ప్రపంచ కప్పులో ఆడిన ఏడాదికి ముందటి వేసవిలో, సాధన చేస్తుండగా అన్న కుడి మోకాలు మెలిపడింది. రాత్రికల్లా అది కొబ్బరికాయంత అయింది. వేలూరు ఆసుపత్రిలో చూపించాలని నాయన అనుకున్నాడు. ఆ వారంలోనే మా సంఘంలో స్వస్థత కూటాలు వచ్చాయి. అన్నను కుర్చీలో కూర్చోబెట్టి ముందుకు తీసుకెళ్ళారు. మా పాస్టరు అయ్యగారు మోకాలికి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళందరూ చేతులెత్తి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ప్రార్థన ముగిశాక అన్న లేచి, కుర్చీ పట్టుకోకుండా, వేదిక నుంచి తలుపు దాకా నడిచాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి కోసం ప్రార్థన జరిగిందో వాళ్ళు తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పాలి. చెప్పిన తర్వాత మందు ముట్టుకుంటే, మూలిగితే, కుంటితే, దాన్ని సాక్ష్యం పోగొట్టుకోవడం అనేవాళ్ళు. నొప్పి మళ్ళీ వస్తే అది శోధించే సాతాను తలుపు తట్టడమే, తలుపు తీయకూడదు అనేవాళ్ళు. నేను పిల్లలకు అదే నేర్పాను. నాకూ అదే నేర్పారు, నేను దాన్ని మనసారా నమ్మాను.

అన్న సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నా కాలు ముట్టినాడు," అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. అది వినయం అనుకున్నాం. కళ్ళు సరిగా కనిపించని ఒక పెద్దమ్మ అతని చేతులు తన కళ్ళకు అద్దుకుంది. ఇంటికొచ్చి నాయన నొప్పుల తైలం సీసాను, మోకాలి పట్టీని పెరట్లో పారేశాడు. వేలూరు ప్రయాణం ఆగిపోయింది.

ఆ తర్వాత అన్న ఆడుతూనే ఉన్నాడు. మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. అందరం మోకాళ్ళూనేవాళ్ళం. సిమెంటు నేల. నాయన ప్రార్థన చాలా పొడుగు. మా ఇంటి నుంచి మొదలుపెట్టి, డిపోలో డ్రైవర్లను, ఊళ్ళో రోగులను, దేశాన్ని ఏలే వాళ్ళను దాటి, ఎక్కడో ఉన్న ద్వీపాల దాకా పోయేవాడు. ఆ రోజుల్లో అన్న మంచం కోడు పట్టుకొని ప్రార్థన చేసేవాడు. నుదుటి నిండా చెమట. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారేవి. గొంతులోంచి ఒక సన్నని మూలుగు వచ్చేది.

నాయన అది చూసి పొంగిపోయాడు. "సూడు మే, పిల్లోడి మీద ఆత్మభారం ఎట్లుండాదో," అని అమ్మతో అన్నాడు. ద్వీపాలతో ఆగకుండా ఇంకా ముందుకు పోవడం మొదలుపెట్టాడు. మా అన్న ప్రార్థనలో కన్నీళ్ళు పెడుతున్నాడని సంఘంలో కూడా చెప్పాడు. నాకు అసూయ కలిగేది. నాకెందుకు అలా కన్నీళ్ళు రావు అని దేవుణ్ణి అడిగేదాన్ని.

చలికాలం దాటాక తిరుపతిలో ఒక ఆట పెట్టారు. రాష్ట్ర జట్టుకు ఎంచే వాళ్ళు చూడడానికి వస్తారన్నారు. సంఘం వాళ్ళం వ్యాను కట్టించుకొని వెళ్ళాం. మైదానం అంచున కొండల వైపు ముఖం పెట్టి నిలబడి ప్రార్థన చేసుకున్నాం. అవతల జట్టు నగరి వైపుది. వాళ్ళకు నేర్పే ఆయన బొద్దుగా, నల్ల కళ్ళజోడుతో, తమిళం కలిసిన తెలుగులో తన పిల్లలను తిడుతూ తిరుగుతున్నాడు.

ఆట సగం కూడా కాలేదు. అన్న బంతి తీసుకొని తల ఎత్తాడు. దగ్గర్లో ఎవరూ లేరు. ఒక్క మనిషి కూడా లేడు. ఎడమవైపుకు తిరగబోయి, కింద పడ్డాడు. పడిన తర్వాత అతను అరిచిన అరుపు నేను అంతకుముందు ఏ మనిషి నోటా వినలేదు.

మేమందరం లోపలికి పరిగెత్తాం. అయ్యగారు అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. "లెయ్ నాయనా, విశ్వాసంతో లెయ్," అన్నాడు నాయన. అన్న నిజంగానే లేచాడు. ఒక అడుగు వేశాడు. ఆ కాలు మోకాలి దగ్గర పక్కకు, కాలు పోకూడని వైపుకు పోయింది. మళ్ళీ పడ్డాడు.

"ఏందప్పా మీరు చేసేది, లేపద్దండి," అంటూ అవతల జట్టు ఆయన వచ్చి మోకరించి మోకాలు నొక్కి చూశాడు. "ఇది ఈ రోజుటిది కాదు సామీ. దీంట్లో నొప్పి ఎన్నాళ్ళ నుంచి ఉండాది?"

అన్న నాయన ముఖం చూశాడు. అయ్యగారి ముఖం చూశాడు.

"పోతే కదా," అన్నాడు.

"అంటే?"

"ఎప్పుడూ పోలేదు."

అయ్యగారి చెయ్యి ఇంకా అతని తల మీదే ఉంది. "నూనె రాసిన రోజో?" అని అడిగారు.

"ఆ రోజు కూడా ఉండింది అయ్యగారూ. సాక్ష్యం చెప్పిన రోజు కూడా. మోకాళ్ళ ప్రార్థనలో అయితే సంపేసేది."

 ఆ కన్నీళ్ళు, ఆ చెమట, ఆ మూలుగు. నాకూ ఇవ్వమని నేను దేవుణ్ణి అడిగినవి అవే. నాయన గడ్డి లేని ఆ నేల మీద కాళ్ళు చాపుకొని, చిన్నపిల్లవాడిలా కూర్చున్నాడు.

వేలూరులో మోకాలు కోశారు. లోపల కట్టి ఉంచే నరం ముందే సగం తెగి, ఇప్పుడు మొత్తం పోయిందన్నారు డాక్టరు. నడుస్తాడు, ఆట మాత్రం ఇంక లేదన్నారు. అది చెప్పినప్పుడు అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికొచ్చాక కూడా అలాగే ఉన్నాడు. సంఘంలో కొందరు, వేదిక మీద అబద్ధం చెప్పాడు కాబట్టే ఇలా అయిందన్నారు. అన్న గుడికి రావడం మానేశాడు. రమ్మని నాయన అడగలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరి వెనకాల ఒకరు నడిచేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు కారు. కాలు పోయింది, ఇక మనిషి కూడా పోతాడేమో అని అమ్మా నేనూ భయపడ్డాం.

ఎండాకాలం చివర్లో ప్రపంచ కప్పు వచ్చింది. మా ఇంట్లో టీవీ లేదు, నాయన ఒప్పుకోడు. పక్కింట్లో మామిడికాయల మండీలో పనిచేసే మామ ఉండేవాడు. ఆయన అన్నను మోసినంత పని చేసి తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించాడు.

"మీ నాయన అడిగితే ఏం చెప్తావప్పా?"

"పటం సూపిస్తా," అన్నాడు అన్న.

నిజంగానే చూపించాడు. నాయన అడగగానే మా పరిశుద్ధ గ్రంథం చివర ఉండే పటం తెరిచి, "ఎఫెసు ఈడుండాది. స్ముర్న ఈడ. బైబిలు కడాన రాసుండే ఏడు సంఘాలూ ఈ దేశంలోనే నాయనా. అపొస్తలుడి ఊరు తార్సు కూడా. దీన్నే ఇప్పుడు టర్కీ అంటారు. నేను సూసేది వాళ్ళ ఆటే," అన్నాడు. చాలా నెలల తర్వాత నాయనతో అతను మాట్లాడిన మొదటి మాటలు అవి. నాయన పటాన్ని చాలాసేపు చూశాడు. మరుసటి రోజు డిపో నుంచి వస్తూ పక్కింటి గుమ్మం దగ్గర ఆగి, "ఏడు సంఘాలోళ్ళు గెలిచినారా?" అని అడిగాడు. అప్పటి నుంచి అది అలవాటయింది. ఆ దేశంలో ఇప్పుడు ఎక్కువమంది తురకలే అని మామ చెప్పినా నాయన వినిపించుకోలేదు.

ఆ జట్టులో మధ్యలో ఆడే ఒకాయన ఉండేవాడు. గోలు కొట్టేవాడు కాదు. అతని పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, టర్కీ హాఫ్ అనేవాళ్ళం. ఒక సాయంత్రం నేనూ అన్న పక్కన కూర్చుని ఆట చూస్తుండగా ఆయన పరుగు ఆపి నిలబడ్డాడు. వంగి మోకాలు పట్టుకున్నాడు. తర్వాత బయట కూర్చున్న తన వాళ్ళ వైపు చెయ్యి ఎత్తాడు.

అన్న కుర్చీలో ముందుకు వంగాడు. "సూడు పాపా, ఆయనే చెయ్యెత్తినాడు. ఆయనే."

వేరేవాణ్ణి లోపలికి పంపి ఆయనను బయటికి పిలిచారు. వాళ్ళకు నేర్పే ముసలాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఏదో అడిగి, కూర్చోబెట్టాడు. ప్రపంచమంతా చూస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. అన్న చేతులతో ముఖం కప్పుకున్నాడు.

గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడని అప్పుడే చూశాను.

"ఏమైంది ఆయనకు?" అని అడిగాడు.

"కాలు నొస్తాదని చెప్పినాడు నాయనా."

"చెప్తే?"

"కూసోబెట్టినారు."

"అంతేనా?"

"అంతే."

గెలిచారా అని అడగకుండానే నాయన వెళ్ళిపోయాడు.

ఆదివారం నాయన అన్నను రిక్షాలో ఎక్కించుకొని గుడికి తెచ్చాడు. అన్న చివరి బల్ల మీద కాలు చాపుకొని కూర్చున్నాడు. సాక్ష్యాల సమయంలో నాయన లేచాడు. సంఘపెద్ద లేస్తే స్తుతి చెప్తాడని అందరూ అనుకున్నారు.

"బండిలో శబ్దం వస్తాదని డ్రైవరు చెప్తే, ఆ బండిని మేము డిపో దాటనీము," అన్నాడు. "శబ్దం రాలేదని చెప్పు, అదే విశ్వాసం అని ఏ డ్రైవరుకూ నేను చెప్పలా. నా కొడుక్కు చెప్పినా. తార్సు ఊరి అపొస్తలుడు తన ఒంట్లో నొచ్చే ముల్లు తియ్యమని దేవుణ్ణి మూడుసార్లు అడిగినాడు. దేవుడు తియ్యలా. ఆయన దాచిపెట్టలా, రాసి మనందరికీ చదవను ఇచ్చినాడు. నా బిడ్డ అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పే చోటు మేము వాడికి ఇయ్యలేదు."

అంత చెప్పి కూర్చున్నాడు.  మా సంఘంలో అటువంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. అయ్యగారు ఏమంటారో, నాయనను పెద్దరికం నుంచి తీసేస్తారేమో అని నేను భయపడ్డాను. ఆయన చివరి బల్ల వైపు చూసి, "నాయనా, నొప్పి ఉండాదా?" అని అడిగారు.

"ఉండాది అయ్యగారూ," అన్నాడు అన్న.

"స్తోత్రం," అంది చూపు సరిగాలేని ఆ పెద్దమ్మ. ఎవరు ఏం చెప్పినా అలా అనడం ఆమెకు అలవాటు. ఎవరూ నవ్వలేదు. అన్న ఒక్కడే నవ్వాడు. ఆట పోయిన తర్వాత నేను అతని నవ్వు వినడం అదే మొదలు. అయ్యగారు కిందికి దిగి వచ్చి అతని పక్కన బల్ల మీద కూర్చుని ప్రార్థన చేశారు. బాగు చేయమని అడిగారు, వేలూరులో మళ్ళీ చూపించుకునే రోజు కోసం కూడా అడిగారు.

తర్వాతి ఏడాది మిషన్ బడి వాళ్ళు పిల్లలకు ఆట నేర్పమని అన్నను పిలిచారు. ఇప్పటికీ నేర్పుతున్నాడు. మొదట అందరూ నిలబడి ప్రార్థన చేస్తారు. ఆమేన్ అయ్యాక అతను వరసగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "యాడ నొస్తాది?" అని అడుగుతాడు. నొస్తుందా అని అడగడు. యాడ అని అడుగుతాడు. చెయ్యి ఎత్తిన పిల్లవాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు, భుజం మీద చెయ్యి వేసి.

కొన్నేళ్ళకు ఆ టర్కీ హాఫ్ కూడా ఆట మాని, వాళ్ళ దేశంలో ఒక జట్టుకు నేర్పేవాడయ్యాడని పేపరులో వచ్చింది. మామ గోడ మీదుగా పేపరు అందించాడు. అన్న చదివి, "నాకంటే లేటు," అన్నాడు.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను ఈ రోజుకూ నమ్ముతాను. నా కళ్ళారా చూశాను. మా అన్న మోకాలిని మాత్రం ఆయన అలాగే ఉంచాడు. కుటుంబ ప్రార్థనలో మేము మోకాళ్ళూనుతాం, అన్న కుర్చీలో కూర్చుంటాడు. నాయన ప్రార్థన ద్వీపాల దాకా పోకముందే ముగుస్తుంది.

ఇది చదివిన మీరు ఎక్కడ ఉంటే అక్కడ, కూర్చునైనా నిలబడైనా, నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. మా అన్న కోసం, అతని దగ్గర ఆడే పిల్లల కోసం, పేరు కూడా పలకలేని ఆ దూరదేశపు మనిషి కోసం. ఈ రోజు ఏదో ఒక గుడిలో నొప్పిని మింగుకొని మోకాళ్ళ మీద ఉన్న వాళ్ళ కోసం. ప్రభువా, వాళ్ళ పక్కనున్న వాళ్ళకు అడిగే నోరు ఇవ్వు. ఆమేన్.