కారు తలుపంత దూరం

ఆ నాలుగు వీధుల్లోనూ ఆవిడని సైకిలత్త అంటారు. చేసేది మాత్రం ఆసుపత్రి లాండ్రీలో, దుప్పట్లు ఉతికే యంత్రాల దగ్గర పని. ఉదయం ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి, ఆ వేళకి మొదటి బస్సు ఇంకా డిపోలో ఆవలిస్తూ ఉంటుంది. అందుకని పాతికేళ్ళుగా సైకిలే. తిరిగొచ్చేటప్పుడు బస్‌స్టాపుల్లో సంచులు పట్టుకుని వాచీలు చూసుకునే ఆడవాళ్ళు కనిపిస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. బ్రేకు వేసి మరీ అడిగేది, "పన్నెండు నిమిషాల దూరానికి నలభై నిమిషాలు నిలబడతారా? దేవుడు కాళ్ళిచ్చింది నిలబడ్డానికేనా?" అని. అడిగించుకున్నవాళ్ళలో కొందరు మూతి ముడుచుకునేవాళ్ళు. కొందరు మాత్రం ఆదివారం బడి వెనక మైదానానికి వచ్చేవాళ్ళు. అలా నాలుగేళ్ళలో నలభై దాటిన ఆడవాళ్ళు ముప్పైమంది ఆవిడ చేతిమీదుగా సైకిలెక్కారు.

నేర్పడంలో ఆవిడ పద్ధతి ఆవిడదే. ముందు పెడళ్ళు ఊడదీసేసేది. సీటు బాగా దించి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పొమ్మనేది. "పడిపోమని ముందు ఒంటికి తెలియాలమ్మా. బుర్రకి తర్వాత చెబుదాం" అనేది. మూడో ఆదివారం పెడళ్ళు బిగించేది. నాలుగో ఆదివారం రోడ్డు. రోడ్డు మీద ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే: "అంచు పట్టుకుని వెళ్ళండి. ఆగి ఉన్న కార్ల పక్కనే, ఒద్దికగా. పెద్ద బళ్ళకి దారివ్వండి." అది వాళ్ళ నాన్న చెప్పిన పాఠం. ఆ రోజుల్లో కూతురికి సైకిలు కొనిచ్చిన ధైర్యస్తుడే ఆయన. కాకపోతే సైకిలు మీద కూడా ఆడపిల్ల అణిగిమణిగే ఉండాలనుకున్నాడు.

ఆఖరి జట్టులో చేరిన మనిషి టైలరమ్మ. కుట్టిన బట్టలు ఇళ్ళకి చేరవెయ్యడానికి రెండు బస్సులు మారే మనిషి. మొదటిరోజే తన భయం తెచ్చి ముందు పెట్టింది.

"అక్కా, నేను పడ్డానంటే చెయ్యి పోతుంది. చెయ్యి పోతే కుట్టు పోతుంది. నా ఇల్లు ఈ చేతి మీదే నడుస్తోంది."

"నేను చెప్పినట్టు వెళ్ళు. పడితే నన్నడుగు" అంది సైకిలత్త, పెడలు ఊడదీస్తూ.

రెండు నెలలు బాగానే సాగింది. టైలరమ్మ బట్టల మూట వెనక కట్టుకుని, అంచు పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు వెళ్ళేది. ఒక మంగళవారం ఉదయం ఆగి ఉన్న కారులోంచి ఒక ముసలాయన దిగబోతూ తలుపు తీశాడు. తలుపు అంచు హ్యాండిలుకి తగిలింది. టైలరమ్మ కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

ఆ ముసలాయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తర్వాత ఆమె ఇంటి గడపలో కూర్చుని ఏడ్చాడు కూడా. వీధంతా ఆయన్ని తిట్టింది. టైలరమ్మ మాత్రం తనని తాను తిట్టుకుంది. "ఆయన్నేం అనకండి. నేనే మొద్దుని. ముప్పైమంది నేర్చుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. నాకే చేతకాలేదు" అంది.

ఆ సాయంత్రం సైకిలత్త ఇంటికొచ్చి, బస్సు డ్రైవరైన మొగుడికి అంతా చెప్పింది. ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"కార్లని రాసుకుంటూ పోయుంటుంది" అన్నాడు.

"అంచునే పోయింది. అలాగే కదా పోవాలి?"

"ఎవరు చెప్పారు నీకు? అలా పోయేవాళ్ళని చూస్తే నా ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, నా చక్రాల కింద ఎవరు పడతారో అని. తలుపంత ఎడం వదిలి, రోడ్డులోకి జరిగి పోవాలి. అలా జరిగి పోయేవాళ్ళని నేను తిడతాననుకో. తిట్టాలంటే ముందు కనబడాలి కదా!"

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అడిగావా? సైకిళ్ళ విషయంలో గురువుగారివి నువ్వు, నేనెవర్ని చెప్పడానికి?"

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ముప్పైమందికి నేర్పింది. పాతికేళ్ళు తను కూడా అలాగే తొక్కింది. తనకేమీ కాకపోవడం అదృష్టమే తప్ప తెలివి కాదని ఆ పూట తెలిసొచ్చింది.

తెలిసింది సరే, చెప్పాలి కదా? అక్కడే నోరు పెగల్లేదు. చెబితే వీళ్ళంతా సైకిళ్ళు మూలన పడేసి మళ్ళీ బస్‌స్టాపులో నిలబడతారేమోనని ఒక భయం. అది పైకి చెప్పుకోదగ్గ భయం. లోపలిది వేరే: సైకిలత్త అన్న పేరు పోతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. గొంతు బాగోలేదని చెప్పి ఆదివారం పాఠాలు ఆపింది. రోజు విడిచి రోజు టైలరమ్మకి అన్నం క్యారియరు పట్టుకెళ్ళింది, కొడుకు ఉద్యోగం గురించీ, వానల గురించీ మాట్లాడి వచ్చేసింది. వీధిలో ఎవరైనా "పాపం, టైలరమ్మ" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది.

అలా మూడు వారాలు. ఒక శనివారం డ్యూటీ నుంచి వస్తుంటే తన ముందు సైకిలు మీద బడి వంటావిడ కనబడింది. తన శిష్యురాలే. ఆగి ఉన్న కార్ల వరసని మోచెయ్యి రాసుకునేంత దగ్గరగా, ఒద్దికగా, పాఠం అక్షరం పొల్లుపోకుండా వెళుతోంది. ఒక కారులో డ్రైవరు సీటులో మనిషి ఉన్నాడు. సైకిలత్త బ్రేకు పట్టుకుని ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు. అయినా ఇక ఇంటికి వెళ్ళలేకపోయింది. సైకిలు తిప్పుకుని తిన్నగా టైలరమ్మ ఇంటికి వెళ్ళింది.

టైలరమ్మ ఎడమచేత్తో గుండీలు కుట్టడం నేర్చుకుంటోంది. సైకిలత్త కూర్చోకుండానే చెప్పేసింది. అంచున వెళ్ళమనడమే తప్పని, ఆ తప్పు తనదేనని.

టైలరమ్మ సూది పక్కన పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అదే రోజు. సాయంత్రం."

"మూడు వారాలక్కా!" అంది టైలరమ్మ. "నువ్వు తప్పు చెప్పావని కాదు. తెలియక చెప్పావు, పోనీ. మూడు వారాలుగా నేను రోజూ ఇక్కడ కూర్చుని నా మొద్దుతనాన్ని తిట్టుకుంటున్నాను. మా ఆయన తిడితే నిజమేలే అని పడ్డాను. నువ్వు ఎదురుగా కూర్చుని విన్నావు. క్యారియరు విప్పి, తిను అన్నావు."

సైకిలత్తకి ఏడుపొచ్చింది గానీ, అక్కడ ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"మిగతావాళ్ళకి చెప్పావా?"

"రేపు చెబుతా."

"నేనూ వస్తా. నువ్వు చెప్పేదాకా నమ్మను" అంది టైలరమ్మ.

ఆదివారం కబురందుకుని పదకొండుమంది మైదానానికి వచ్చారు. సైకిలత్త నిలబడి మొత్తం చెప్పింది, మూడు వారాలు దాచిన సంగతితో సహా. ఇద్దరు ఏమీ అనకుండా సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళిపోయారు. వంటావిడ మాత్రం అడిగింది.

"రోడ్డులోకి జరిగితే వెనకవాళ్ళు తిట్టరా అత్తా?"

"తిడతారు. తిట్టనీ."

"జరగడమంటే ఎంత జరగాలి?"

సైకిలత్త చేతులు చాపి చూపించబోయింది. "నీ కొలతలు వద్దక్కా" అని టైలరమ్మ ముందుకొచ్చింది. గేటు దగ్గర ఒకావిడ మొగుడు కారు ఆపుకుని పేపరు చదువుతున్నాడు. తలుపు పూర్తిగా తియ్యమంది. సంచిలోంచి టేపు తీసి, ఒక కొస సైకిలత్త చేతికిచ్చి, ఎడమచేత్తో కొలిచింది. దాని మీద ఇంకో మూర కలిపింది. బట్టల మీద గీసే సుద్దతో నేలమీద గీత గీసింది. ఎడమచెయ్యి కదా, గీత వంకరగా వచ్చింది.

"దీనికి బయటే. లోపలికి రాకండి" అంది.

తొమ్మిదిమందీ వరసగా గీత బయట తొక్కుతుంటే ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. చివరికి సైకిలత్త నెమ్మదిగా అంది, "నీ చెయ్యి బాగయ్యాక..."

"అడగకు." టైలరమ్మ టేపు చుట్టి సంచిలో వేసుకుంది. "కోపం పోతే నేనే వస్తా. పోకపోతే రాను."

"ఇంటిదాకా తోడు రానా?"

"వద్దు. నడిచిపోతా."

గేటు దాటి వీధిలోకి వెళ్ళింది. వీధి పొడవునా కార్లు ఆగి ఉన్నాయి. టైలరమ్మ కట్టు కట్టిన చేతిని గుండెకి అదుముకుని, నడక మీద కూడా, ఆ తలుపులకి దూరంగా జరిగి నడిచింది.