ఆటు వేళకి పెట్టిన సభ

దలెందా గురించి చెప్పమంటే నాకు ముందు వచ్చేది చిరాకే. ఇరవై రెండేళ్లుగా ఆవిడ గొంతు వింటూ పని చేస్తున్నాను మరి. మా ఊరి లైబ్రరీకి ఆవిడ అధికారి. నా పేరు షెడ్లియా, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే బల్ల దగ్గర కూర్చుంటాను. దలెందా స్ఫాక్స్ పట్నం నుంచి ఒక్క ఏడాదికని వచ్చి ఇక్కడే పాతుకుపోయింది. బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా ఎవరితోనో ఒక తగువు సగంలో ఉండేది. కప్పు కారుతోందని మునిసిపాలిటీతో, మ్యాపులు చింపి పుస్తకాలు తిరిగిస్తున్నారని హెడ్మాస్టరుతో, తేదీ ముద్ర వంకరగా కొడుతున్నానని నాతో. తగువు తేలకుండా ఊరు వదలడం ఆవిడకి చేతకాదు.

అన్నిటికంటే పెద్ద తగువు ఒక పుస్తకంతో. మా ఊరి చరిత్ర మీద లైబ్రరీలో ఉన్నది అదొక్కటే. పదకొండు అధ్యాయాలు. కోటలున్నాయి, ఫకీర్ల సమాధులున్నాయి, రెండేళ్లు ఉండి పోయిన ఒక ఫ్రెంచి దొర మీసాల సంగతి కూడా ఉంది. ఊరు సగం బతికేది ఆడవాళ్లు ఏరే గుల్లల మీద. వాళ్ల గురించి మాత్రం అర వాక్యం, 'స్త్రీలు గుల్లలు ఏరుదురు' అని.

"ఏరుదురట!" అని దలెందా ఆ పేజీ నా మొహం మీద పెట్టింది. నేను రాసినట్టు.

అప్పటినుంచి మొదలైంది. గుల్లలు ఏరేవాళ్లు మా పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కునేవాళ్లు, లోపలికి మాత్రం వచ్చేవాళ్లు కాదు. ఈవిడ కుళాయి పక్కన ఒక బల్ల వేయించింది. ముందు వాళ్ల మందుల చీటీలు, కరెంటు నోటీసులు చదివి పెట్టింది. తర్వాత గురువారం గురువారం కథలు చదివింది. ఆరేళ్లయ్యేసరికి పంతొమ్మిది మంది తమ బతుకు కథ తమ గొంతుతో చెబితే ఫోనులో రికార్డు చేసింది.

అందులో మహబూబాది ఒకటి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు పోయి సముద్రం మానేసింది. ఆమె కథ ఊరందరికీ తెలుసు. తెలుసని అనుకునేవాళ్లం. ఆటు వేళ నీళ్లు తీసిపోతే ఆడవాళ్లు గుల్లలు తవ్వే కొడవళ్లు పట్టుకుని బురదలో చాలా దూరం పోతారు. నీళ్లు తిరిగి వచ్చే ముందు పెద్దామె మూడుసార్లు కేక వెయ్యాలి, మూడుసార్లూ అందరూ పలకాలి, అప్పుడే ఒడ్డుకి నడవాలి. నలభై ఏళ్ల కిందట ఒక రోజు ఆ పెద్దరికం మహబూబాది. ఆ రోజు ఫత్తూమా అనే పడుచు మునిగిపోయింది. "మూడుసార్లు పిలిచావా?" అని ఊరు అడిగింది. "లేదు, ఒక్కసారే" అంది మహబూబా. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత ఎవరూ ఆమె వెనక నడవలేదు. ఫత్తూమా కూతురు మొంజియా ఇప్పుడు తానూ గుల్లలు ఏరుతుంది. మహబూబా ఎదురైతే రోడ్డుకి అటువైపు దాటి పోతుంది.

ఆ ఎందుకో అన్నది మహబూబా దలెందా ఫోనుకి చెప్పింది. చెప్పి ఒక మెలిక పెట్టింది.

"మొంజియా వినాలి. అందరి మధ్య వినాలి. విడిగా వెళ్తే నా మొహాన తలుపు వేస్తుంది. అప్పటిదాకా ఇది ఎవరి చెవినా పడకూడదు. వినకపోతే చెరిపెయ్యి."

దలెందా మాట ఇచ్చింది. మార్చి ఎనిమిదిన మహిళల పండగకి సభ పెడతానని, గోడల మీద ఆడవాళ్ల ఫోటోలు, స్పీకర్లలో వాళ్ల గొంతులు అని పై ఆఫీసుకి రాసింది. జవాబు వచ్చింది. సభ ఉదయం పదింటికి.

ఆ ఏడాది మార్చి ఎనిమిది అమావాస్య. అమావాస్యకి సముద్రం మరీ లోపలికి పోతుంది. పదింటికి ఊళ్లో గుల్లలు ఏరే ఆడది ఒక్కతె కూడా నేల మీద ఉండదు. ఇది మా ఊళ్లో పాలు మానని పిల్లకి కూడా తెలుసు. దలెందా ఫోను చేసింది. అటువైపు నెజ్మెద్దీన్ అని జిల్లా అధికారి. నేను పక్కనే ఉన్నాను.

"సార్, మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. అప్పటికి వాళ్లు ఒడ్డుకొస్తారు."

"అమ్మా, పదింటికి మీది, పన్నెండింటికి పక్క ఊరిది, మూడింటికి ఇంకొకటి. సముద్రం టైము చూసుకుని నేను తిరగాలా?"

"ఆడవాళ్ల పండగకి ఆడవాళ్లు ఉండొద్దా?"

"ఎందుకుండరు? బడి నుంచి ముప్పై మంది పిల్లల్ని పంపిస్తున్నాం. గుల్లలవాళ్ల వేషం వేసి!"

దలెందా ఫోను పెట్టేసి నా మీద అరిచింది. ఇంకెవరి మీద అరుస్తుంది?

దీనికి ముందు నెలే ఈవిడని రాజధాని ట్యూనిస్‌లో మూడు రోజుల శిక్షణకి పిలిచారు. 'మీ పాఠకులను తెలుసుకోండి' అని. అక్కడ లేచి నిలబడి, మా పాఠకులు ఆటుపోట్ల ప్రకారం వస్తారు, లైబ్రరీ వేళలు కూడా అలాగే ఉండాలి అందట. శిక్షకుడు మురిసిపోయి బోర్డు మీద ఒక అల గీసి, "చూశారా, పాఠకులంటే అలలే!" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. సర్టిఫికెట్టు, గుడ్డ సంచీ పట్టుకుని వచ్చింది. ఆ సంచీలో ఇప్పుడు నేను ఉల్లిపాయలు తెచ్చుకుంటున్నాను.

సభ జరిగింది. ముప్పై మంది ఆడపిల్లలు ఎర్ర బట్టలు చుట్టుకుని, ప్లాస్టిక్ బకెట్లు, అట్ట కొడవళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకతె కొడవలితో వీపు గోక్కుంటోంది. ముందు వరసలో మహబూబా, పెట్టెలో దాచుకున్న తెల్ల శాలువా కప్పుకుని. ఐదు నిమిషాలకోసారి అదే మాట.

"మొంజియా ఏదే?"

"వస్తుంది పెద్దమ్మా."

"ఎక్కడినుంచి వస్తుంది? ఇప్పుడు నడుం లోతు బురదలో ఉంటుంది. నన్నెందుకు రమ్మన్నావు?"

నెజ్మెద్దీన్ అరగంట మాట్లాడాడు. తర్వాత దలెందా దగ్గరికి వంగి, "ఆ ముసలావిడ గొంతు రెండు నిమిషాలు వెయ్యండి, ఫోటో తీసుకుంటాం" అన్నాడు.

"వెయ్యను."

"ఏమిటి?"

"ఎవరికోసం రికార్డు చేశానో వాళ్లు లేరు. వెయ్యను."

ఆయన నవ్వు మొహం మీదే ఎండిపోయింది. ఆయనా వెంట వచ్చినవాళ్లూ మక్రూద్ మిఠాయిల పళ్లెం ఖాళీ చేసి, మైకులు, స్పీకర్లు వ్యానులో ఎక్కించుకుని పదకొండున్నరకి పోయారు. గొంతు వినిపించకపోవడానికి కారణం సాంకేతిక లోపం అని రిపోర్టులో రాసుకున్నారని తర్వాత తెలిసింది. సాంకేతిక లోపమట! నాకు ఒళ్లు మండిపోయింది.

మహబూబా కర్ర అందుకుని లేచింది. "చెరిపెయ్యి అమ్మాయ్. నాకది రాసిపెట్టి లేదు."

"కూర్చో."

"చెరిపెయ్యమన్నానా?"

"కూర్చోమన్నానా?"

ఇద్దరూ అలా అరుచుకుంటూ ఒంటిగంట దాకా కూర్చున్నారు. అప్పుడు ఆడవాళ్లు వచ్చారు. గుల్లలు కొనేవాడి బండి మా గేటు ఎదురుగానే ఆగుతుంది. బకెట్లు తూకానికి పెట్టి, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కోవడం వాళ్ల అలవాటు. దలెందా గుమ్మంలో నిలబడి, లోపలికి రండి, మీ ఫోటోలే ఉన్నాయి అని గొంతు చించుకుంది. తివాచీ వేసి ఉంది, కాళ్ల నిండా బురద, ఒక్కరూ కదల్లేదు. వాళ్ల మొండితనం వాళ్లది.

నేను కుర్చీ తెచ్చి కుళాయి పక్కన వేసి మహబూబాని కూర్చోబెట్టాను. ఆమెని చూడగానే మొంజియా వెనక్కి తిరిగింది. కానీ ఆమె బకెట్ తక్కెడలో ఉంది, వదిలి పోలేదు. దలెందా బండివాడి దగ్గరికి పోయి, రేట్లు కేకేసే మైకు చేతిలోంచి లాక్కుంది. ఫోను దానికి ఆనించింది. మహబూబా గొంతు వీధంతా మోగింది.

"మొదటి కేక వేశాను. అందరూ పలికారు. ఫత్తూమా కూడా పలికింది. పిల్లని పడుకోబెట్టిన బుట్ట పక్కనే దిబ్బ మీద ఉంది. రెండో కేక వెయ్యబోతే చెయ్యి ఊపింది. 'అరవకే మహబూబా, నా పిల్ల ఇప్పుడే పడుకుంది, లేపుతావు. బుట్టెత్తుకుని నువ్వు నడు, నీ వెనకే వస్తా' అంది. నేను అరవలేదు. బుట్టెత్తుకుని నడిచా. పొగమంచు కమ్మేసింది. ఒడ్డుకొచ్చి చూస్తే నా వెనక ఫత్తూమా లేదు. పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. ఎందుకు పిలవలేదని అడిగారు. చెబితే ఏమంటారు? పిల్ల నిద్ర తల్లిని తినేసిందంటారు. మన ఊరి నోళ్లు నాకు తెలియవా? పాలు తాగే పిల్ల మీద అంత బరువు ఎలా వేస్తాను? నా మీద వేసుకున్నా."

ఫోను ఆగిపోయింది.  

మొంజియా బకెట్ వదిలేసి కుర్చీ దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె అరిచింది.

"నన్ను కాపాడాననుకున్నావా ముసలీ? మా అమ్మ ఫోటో లేదు నాకు. ఒక్క మాట లేదు. ఎలా మాట్లాడేదంటే చెప్పే దిక్కు లేదు. నా గురించి అన్న మాట నీ దగ్గర పెట్టుకుని నలభై ఏళ్లు ఈ వీధిలో నా ముందు తిరిగావా?"

"నువ్వు రోడ్డు దాటి పోయేదానివి కదే!" అంది మహబూబా. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"పోతే? వెనక పడి చెప్పాలి!"

"ఏమని చెప్పను?"

మొంజియా ఆ తడి నేల మీదే కూలబడింది.  బండివాడు మైకు తిరిగి అడగలేదు.

"ఆ ఫోనులోది కాదు, నువ్వు చెప్పు. మా అమ్మ ఎలా అంది?"

మహబూబా చెప్పింది. ఈసారి గొంతు వేరు, గబగబా, కసురుకుంటూ, పాతికేళ్ల పడుచులా.

"కోపంగా అందా?"

"విసుక్కుంది. ఒక్క మాట నెమ్మదిగా అనేది కాదు మీ అమ్మ."

మొంజియా బురద చేతులతో మొహం తుడుచుకుంది.

"ఇంకోసారి చెప్పు" అంది. "అలాగే విసుక్కుంటూ చెప్పు."